తీగ చుట్టిన బ్లేడు

ఈ ఉదయం మా దుకాణంలో ఒకాయన కొత్త రేజరు కొని, ఇంటికి వెళ్లేదాకా ఆగలేక అక్కడే బ్లేడు తలను హ్యాండిల్‌కి నొక్కి చూసుకున్నాడు. టిక్కుమని చిన్న చప్పుడు. ఆయన వెళ్లిపోయాడు కానీ ఆ చప్పుడు నా చెవిలోంచి పోలేదు. బాపట్లలో ఒక పాత కొట్టు ముందు ఆ చప్పుడే విన్న రోజున నేను చిన్నపిల్లలా గంతులేసినంత పని చేశాను. నన్ను అక్కడికి పంపిన సుగుణమ్మ గారిని మీరెవరూ చూసి ఉండరు. ఎలాంటి మనిషో చెబుతాను.

మా ఊరు సంగం జాగర్లమూడి. మా ఆయన చాలాకాలం మంచాన ఉండి కన్నుమూశాక తెనాలిలో మా అక్క ఇంట్లో చేరాను. అక్క మంచిదే. కానీ ఎవరైనా పని మీద బయలుదేరుతుంటే నన్ను లోపలికి వెళ్లమని కళ్లతోనే చెప్పేది. ఎదురొస్తానని భయం. నేనూ అదే సబబనుకుని వంటింట్లోకి పోయి నిలబడేదాన్ని. అదే వీధిలో ఉండే సుగుణమ్మ గారికి బజారులో ఫ్యాన్సీ కొట్టు ఉండేది. దువ్వెనలు, సబ్బులు, రిబ్బన్లు, గడ్డం సామాను అన్నీ అమ్మేవారు. ఒకరోజు వచ్చి, కొట్టు ఊడ్చడానికి మనిషి కావాలి, మీ చెల్లెల్ని పంపమని అక్కని అడిగారు.

మొదటి రోజు ఊడ్చేసి వెనక్కి జరుగుతుండగా మొదటి బేరం వచ్చింది. సుగుణమ్మ గారు సబ్బు తీసి నా చేతిలో పెట్టి, నువ్వే ఇచ్చి డబ్బు తీసుకో అన్నారు. బోణీకి నేనా అన్నాను. కొట్టు వాళ్లకి బోణీ అంటే ఆ రోజు బతుకంతా దాంట్లోనే ఉంటుంది. కొనడానికి వచ్చిన ఆవిడ బొట్టు లేని నా నుదురు చూసి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇష్టం లేకపోతే రెండో బేరానికి రండి వదినా," అన్నారు సుగుణమ్మ గారు, గొంతు పెంచకుండానే. "మా బోణీ మాత్రం ఇట్లాగే ఉంటది."

ఆవిడ గొణుక్కుంటూ సబ్బు తీసుకుంది. ఆ రోజు నుంచి బోణీ నా చేతి మీదుగానే జరిగేది. బేరాలు తగ్గిన రోజున కూడా సుగుణమ్మ గారు నా వంక తేడాగా చూడలేదు.

వాళ్ల నాన్నగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నున్నగా గడ్డం గీసుకోకుండా ఏనాడూ గుమ్మం దాటని మనిషి. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు కాబట్టి చిన్న గాటు పడినా రక్తం ఆగేది కాదు. ఆయన పాత రేజరు ఒక్కటే ఆయనకి సరిపడేది. దాని బ్లేళ్ల మీద వెంట్రుకంత సన్నటి తీగలు చుట్టి ఉండేవి. చర్మం ముడతలు పడినా తెగదు. ఆ కంపెనీ వాళ్లు దాన్ని చెయ్యడం మానేశారు. కొత్త బ్లేళ్లు చూపుకి అలాగే ఉన్నా ఆ హ్యాండిల్‌కి పట్టవు. చివరి బ్లేడు మొద్దుబారింది. హ్యాండిల్ కూడా మెడ దగ్గర చిట్లితే దారం చుట్టారు. సెలూన్ అతన్ని ఇంటికి పిలిపిస్తే గాటు పడి తువ్వాలు తడిసిపోయింది. ఇక ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గడ్డం మాసి గుబురుగా పెరిగింది.

మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి అయ్యగారు ఇంటికి వచ్చి ప్రభు భోజనం ఇవ్వబోతే పెద్దాయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఈ అవతారంతో తీసుకోనన్నారు. అప్పటి నుంచి అన్నం కూడా ముట్టీ ముట్టనట్టే తినేవారు. ఈస్టరుకి మళ్లీ వస్తానని చెప్పి అయ్యగారు వెళ్లారు.

"ఈస్టరుకి కూడా వద్దంటే నాన్న ఇక మనకి దక్కరే నాగమణీ," అన్నారు సుగుణమ్మ గారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు.

ఫోనులో వెతికితే సరుకు లేదని వచ్చింది. హోల్‌సేల్ వాళ్లు అసలు గుర్తే పట్టలేదు. రైలు లైను చివరి ఊళ్లో పాత సరుకు తొందరగా కదలదు, రేపల్లె వెళ్లి చూసిరమ్మన్నారు సుగుణమ్మ గారు. నేను ఒంటరిగా రైలెక్కి ఎరగను. నాకు చదువు రాదు కదమ్మా అన్నాను. చదివేదేముంది, వస్తువు చేతిలోనే ఉంది, చూపించు అని అరిగిన బ్లేడును గుడ్డముక్కలో కట్టి ఇచ్చారు.

పొద్దున్నే మొదటి బండికి వెళ్లాను. రేపల్లెలో అప్పుడే షట్టర్లు ఎత్తుతున్నారు. తీసిన కొట్టల్లా ఎక్కి, గుడ్డ విప్పి, ఇది ఉందా అన్నా అని అడిగాను. ఒకతను అగరొత్తి పట్టుకుని దేవుడి పటం ముందు నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగి, బోణీ కాకముందే లేని సరుకు అడుగుతావేంటమ్మా అని కసిరాడు. ఇంకొకతను చూడనైనా చూడకుండా చెయ్యి విదిలించాడు. నా మొహం వల్లేననుకుని ఏడుస్తూ తెనాలి తిరిగొచ్చాను.

సుగుణమ్మ గారు అంతా విని, అంత దిగుల్లోనూ పకపకా నవ్వారు.

"నీ మొహం కాదే పిచ్చిదానా. షట్టర్ ఎత్తీ ఎత్తంగానే ఎవడి నోటనైనా లేదు అనిపిస్తారటే? మన కొట్లో మనం అంటామా? ముందు ఉన్నదేదో కొను. వాడి బోణీ నువ్వే చెయ్యి. ఆ తర్వాత అడుగు, ఎందుకు వెతకడో చూద్దాం."

రోజూ బోణీ చేస్తూ కూడా నాకా సంగతి తట్టలేదు. మర్నాడు బాపట్ల బండెక్కాను. స్టేషన్ నుంచి నడుచుకుంటూ పోతే, చెక్క తలుపుల కొట్టు ఒకటి అప్పుడే తీస్తున్నారు. ముసలాయన కొట్టు. ఒక దువ్వెన కొని నోటు ఆయన చేతిలో పెట్టాను. ఆయన నా నుదురు వంక చూశాడు. ఆయన ఆ నోటును రెండు కళ్లకీ అద్దుకుని గల్లాపెట్టెలో వేసుకున్నాడు.

నేనిచ్చింది ఒక మనిషి కళ్లకి అద్దుకున్నాడు. రోజూ సుగుణమ్మ గారూ నా చేతి బోణీ తీసుకునేవారు, కానీ ఆవిడ నా మీద జాలితో చేస్తున్నారనుకునేదాన్ని. ఈయనకి నేనెవరో కూడా తెలియదు.

అప్పుడు గుడ్డ విప్పాను. ఆయన బ్లేడును వెలుతురుకి పట్టి చూసి, ఇదెప్పుడో ఆగిపోయిందమ్మా అన్నాడు. అంటూనే స్టూలు లాక్కుని అటక మీదికి చెయ్యి పెట్టాడు. అట్టపెట్టెలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. దుమ్ముకి ఇద్దరం తుమ్ముతున్నాం. అడుగున ఉన్న పెట్టెలో, పాలిపోయిన అట్టకి అతికించిన హ్యాండిలూ, దాని పక్కన బ్లేళ్లూ. ఒకటి కాదు, ఒక దొంతర.

"మా మేనల్లుడు పారేద్దామంటాడు," అన్నాడు ముసలాయన. "ఉండరా, దీని మనిషి ఇంకా రాలేదు అన్నాను."

బ్లేడును హ్యాండిల్‌కి నొక్కితే టిక్కుమంది. ఉన్నవన్నీ కొనేశాను. తిరుగు బండిలో సంచి ఒళ్లో పెట్టుకుని, పక్కనున్న తెలియని ఆవిడకి కథంతా చెప్పేశాను. తెనాలిలో దిగి పరుగులాంటి నడకతో ఇల్లు చేరాను.

గాటు పడుతుందేమోనని భయపడి సుగుణమ్మ గారు రేజరు నా చేతికిచ్చారు. మా ఆయన మంచాన ఉన్నన్నాళ్లూ నేనే గీసేదాన్ని కాబట్టి నేను కూర్చున్నాను. వేడినీళ్ల గుడ్డతో గడ్డం మెత్తబరిచి, ముందు కత్తెరతో కురచ చేసి, చెంప మీద వేలు ఆనించి మెల్లగా లాగాను. చుక్క రక్తం రాలేదు. మాసిన గడ్డం కింద నుంచి ఒక అందమైన ముఖం కొంచెం కొంచెంగా బయటపడుతుంటే నాకు నవ్వాగలేదు. పెద్దాయన అద్దం అడిగారు. బాగున్న చేత్తో దవడ తడుముకుని, చాలాసేపు చూసుకున్నారు.

"అయ్యగారిని ఈస్టరుదాకా ఆగమనొద్దు," అన్నారు. "రేపే రమ్మని కబురు పెట్టు."

మర్నాడు ఆయన తెల్లచొక్కా వేసుకుని, దిండ్లకి ఆనుకుని కూర్చుని ప్రభు భోజనం తీసుకున్నారు. నేను గుమ్మం బయట నిలబడితే సుగుణమ్మ గారు చెయ్యి పట్టి మంచం పక్కకి లాక్కెళ్లారు. ఈ అమ్మాయి ఎవరని అయ్యగారు అడిగారు. "మా మనిషండి," అన్నారావిడ.

ఇప్పుడు పెద్దాయన లేరు, సుగుణమ్మ గారూ లేరు. కొట్టు నేను నడుపుతున్నాను. సరుకు కోసం ఒక్కదాన్నే ఏ ఊరైనా వెళ్తాను. కొత్త షావుకారు ఎవరైనా, మీరెవరి తాలూకు అమ్మా అని అడుగుతాడు. ఒకప్పుడైతే పోయినాయన పేరు చెప్పి తల దించుకునేదాన్ని. ఇప్పుడు తెనాలి సుగుణమ్మ గారి తాలూకు అంటాను. ఆవిడ పేరు తెలిసినవాళ్లు కుర్చీ వేస్తారు. తెలియనివాళ్లకి కూర్చుని చెబుతాను.