నోటుబుక్కులో రాయని గారెలు

మోకాళ్ల మీద ప్రార్థన చేసి లేవబోతే లేవలేకపోయాను. ఆ మంగళవారం మా పల్లెలో మరియమ్మగారింట్లో గృహ ప్రార్థన. "ఆమెన్" అని అందరూ లేచారు, నేను మాత్రం చాప మీదే ఉండిపోయాను. ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్క పట్టుకుని లేపారు. ఊపిరి అందలేదు. "వయసు కదండీ అమ్మగారూ" అని ఎవరో సర్దిచెప్పారు. నాకప్పటికి నలభై మూడేళ్లు.

మా ఆయన ముదినేపల్లి దగ్గర పల్లెలో పాస్టరు. మర్నాడు నన్ను గుడివాడ తీసుకెళ్లారు. బరువు నూట పద్దెనిమిది కేజీలు. మూడు నెలల షుగర్ లెక్క చెప్పే HbA1c తొమ్మిది దాటింది. Sleep study చేయిస్తే sleep apnea, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది అన్నారు. అక్కణ్ణించి విజయవాడలో బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేసే bariatric surgeon దగ్గరికి పంపారు.

ఆపరేషన్ అంటే ఒప్పేసుకున్నాను. కానీ ఆయన, "ముందు మూడు నెలల్లో ఆరు కేజీలు మీరే తగ్గి రండమ్మా" అన్నారు.

"తగ్గగలిగితే మీ దాకా ఎందుకొస్తానండీ?" అన్నాను. నాకు నిజంగానే ఒళ్లు మండింది.

"మీకు fatty liver, అంటే కాలేయానికి కొవ్వు పట్టి ఉంది. అది పొట్ట మీద దుప్పటి కప్పినట్టు పడి ఉంటుంది. అది తగ్గకపోతే నా కెమెరాకి పొట్ట కనపడదు. బలవంతంగా జరిపితే bleeding అవుతుంది" అన్నారు.

Dietitian చిన్నమ్మాయి. నోట్లోకి వెళ్లిన ప్రతిదీ నోటుబుక్కులో రాయమంది. ఇంట్లో తెల్లన్నం మానేశాను. పొద్దున్నే చేపల చెరువు గట్టు మీద కుక్కల్ని అదిలించుకుంటూ నడిచాను. ఎదురుగా మా ఆయన చేపల పులుసు జుర్రుకుంటుంటే ఉడికించిన సొరకాయ నమిలాను. అన్నీ రాశాను. మూడు నెలల తర్వాత తూకం ఎక్కితే ఒక కేజీ పెరిగాను.

"ఇప్పుడు date ఇవ్వలేనమ్మా" అన్నారు డాక్టరుగారు. హాస్పిటల్ వరండాలోనే ఏడుపొచ్చింది. దేవుడి మీదా, సొరకాయ మీదా సమానంగా కోపం వచ్చింది.

Dietitian నా నోటుబుక్కు తిరగేసింది. "మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు ఖాళీగా ఉన్నాయేంటండీ?"

"గృహ ప్రార్థనలకి వెళ్తానండీ."

"అక్కడ ఏమీ తినరా?"

"టీ ఇస్తారు. నాలుగు గారెలో, కాస్త కేసరో పెడతారు. ఒక్కోరోజు మూడిళ్లుంటాయి."

"మరి రాయలేదే?"

"అది తిండి కాదు కదండీ, ప్రార్థన" అన్నాను. పక్కన మా ఆయన నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయారు. పాస్టరమ్మ చేతిలో పళ్లెం పెట్టాక వద్దనడం మా వాళ్లలో లేదు. మొదటి ముద్ద ఆవిడ తింటేనే ఇంటివాళ్లకి తృప్తి. పన్నెండేళ్లు అలా తిన్నాను, ఒక్కరోజూ దాన్ని తిండిలో జమ వేసుకోలేదు.

తర్వాతి మంగళవారం మరియమ్మగారు పళ్లెం తెస్తే, "వద్దండీ, డాక్టరు వద్దన్నారు" అన్నాను. ఆవిడ పళ్లెం వెనక్కి తీసుకుంది.

"మా అత్తగారి రోజుల్లో మా ఇంట్లో మంచినీళ్లు కూడా ఊళ్లోవాళ్లెవరూ ముట్టేవాళ్లు కాదండి. ఇప్పుడు మీరు కూడా ముట్టకపోతే ఎట్టాగండి అమ్మగారూ?" అంది.

నేనూ అలాంటి పేటలో పుట్టినదాన్నే. మా నాయనమ్మ కూడా ఇదే మాట చెప్పుకుని ఏడ్చేది. తింటే ఆపరేషన్ లేదు, తినకపోతే ఆవిడ మనసు విరుగుతుంది. నాకు వచ్చిన రోగానికి ఇంతమందికి సమాధానం చెప్పుకోవాలా అని ఇంటికొచ్చి గిన్నెలు విసిరాను.

మరియమ్మగారు రెండు ఆదివారాలు గుడికి రాలేదు. మూడో వారం పిలవకుండానే వాళ్లింటికి వెళ్లి గడపలో కూర్చున్నాను. "దాహంగా ఉందండీ. వెన్న తీసిన మజ్జిగ ఉంటే ఒక గ్లాసు పోయండి" అని అడిగాను. ఆవిడ లోపలికెళ్లింది. కొత్త స్టీలు గ్లాసు కడిగి నిండా పోసి తెచ్చింది. తాగేదాకా నిలబడే ఉంది.

అప్పట్నించి ఏ ఇంటికెళ్లినా పళ్లెం రాకముందే మజ్జిగ నేనే అడిగేదాన్ని. అది కూడా రాసేదాన్ని. ఈసారి మూడు నెలల్లో ఏడు కేజీలు తగ్గాను. ఆఖరి రెండు వారాలు liquid diet. ఆ protein powder వాసన నాకు ఇప్పటికీ పడదు. తలనొప్పితో మా ఆయన్ని అనరాని మాటలన్నాను.

Sleeve gastrectomy చేశారు, అంటే పొట్టలో చాలా భాగం కోసేసి సన్నటి గొట్టంలా మిగిల్చారు. ఇంటికొచ్చాక నీళ్లు గబగబా తాగి వాంతులు చేసుకుని మళ్లీ రెండు రోజులు హాస్పిటల్లో ఉన్నాను. ఇప్పటికి పదకొండు నెలలైంది. ఎనభై నాలుగు కేజీలున్నాను. షుగర్ మాత్ర ఒకటి తీసేశారు. విటమిన్లు మాత్రం జీవితాంతం వేసుకోవాలట. "ఏముందిలెండి, పొట్ట కోయించుకుంటే తగ్గరా" అని జనం అంటుంటే ఇప్పటికీ మండుతుంది. ఆ ఆరు నెలలు వాళ్లెవరికీ కనపడవు.

ఆపరేషన్‌కి సిద్ధపడేవాళ్లకి ఒక్కటే చెప్తాను. మీ వంటింట్లో తిన్నది తర్వాత రాయండి, పక్కవాళ్లు ప్రేమగా పెట్టింది ముందు రాయండి. వద్దనడానికి నోరు రాకపోతే, పెట్టకముందే మీకు పనికొచ్చేది మీరే అడగండి. మరియమ్మగారింట్లో ఇప్పుడు ఆ గ్లాసు నాకోసం విడిగా పెట్టి ఉంటుంది. పోయిన మంగళవారం ప్రార్థన కాగానే అది పట్టుకుని ఆవిడ నిలబడితే, ఎవరి రెక్కా పట్టుకోకుండా చాప మీంచి లేచి వెళ్లి అందుకున్నాను.