మూడో చరణం

మధ్యాహ్నం రెండింటికి మంచు కొండల మీది సైనిక పోస్టుకు చేరాం. మైనస్ పదిహేను. నలుగురికి ఒకే బంకర్, ఒక కిరోసిన్ స్టవ్. గోదావరిఖని ఎండల్లో పెరిగిన నేను వణుకుతుంటే సుబేదార్ నవ్వాడు. "బొగ్గు ఊరివాడివి, రాజేసుకోలేవూ?" అన్నాడు హిందీలో.

పొద్దుపోక వాళ్లకు మా బాపు పాట నేర్పాను, దాని కథా చెప్పాను. బాపు బొగ్గుబాయి కార్మికుడు. ఒకసారి బాయి కప్పు కూలి, ఆయనతో కలిపి నలుగురు చీకట్లో చిక్కుకుని, మనిషికో చరణం చెప్పుకుంటూ బతికి బయటపడ్డారు.

దీపమారితే తోవ ఉన్నది
తోవ మూస్తే తోడు ఉన్నది
తోడు దూరమైతే పిలుపు ఉన్నది
పిలుపు అందితే పొద్దు ఉన్నది

"ఎవని చరణం ఆగితే వాని దిక్కు తవ్వాలె" అనేవాడు బాపు. పాటలు కూడు పెడతాయా అని అడిగేవాళ్లకు ఆయన జవాబు అదే.

మొదటిది సుబేదార్‌కిచ్చాను, రెండోది వంటవాడికి, మూడోది వైర్‌లెస్ ఆపరేటర్‌కు. నాలుగోది నాది. వాళ్లెవరికీ తెలుగు రాదు. వంటవాడికి 'తోవ' అని నోరు తిరిగేదే కాదు. ఆపరేటర్ మాత్రం మా వాడకట్టులో పుట్టినట్టు పలికేవాడు.

జనవరిలో ఒక ఉదయం. ఆపరేటర్ సెట్‌లో "అంతా క్షేమం" అంటున్నాడు. కొండ మీది మంచు జారి బంకర్ మీద పడింది. అంతా చీకటి. నడుము దాకా మంచు. సుబేదారే మొదలుపెట్టాడు: "దీపమారితే తోవ ఉన్నది." వంటవాడు అందుకున్నాడు. ఎడమ మూల నుంచి మూడోది వచ్చింది. నాలుగోది నేను అరిచాను. మళ్లీ మొదటికొచ్చాం. అలా ఎంతసేపు తిప్పామో తెలియదు.

ఒకసారి మూడోది రాలేదు.

నేనే చెప్పబోయాను. "వద్దు" అన్నాడు సుబేదార్. "అది వాడి వంతు. తవ్వు."

ఎడమ దిక్కు తవ్వాం, పళ్లాలతో, వేళ్లతో. చెయ్యి తగిలింది. ఇంకా వెచ్చగానే ఉంది. మనిషి పోయాడు. సాయంత్రం కింది పోస్టువాళ్లు మమ్మల్ని బయటికి లాగారు.

అదే నా ఆఖరి డ్యూటీ. ఎండాకాలంలో ఇంటికొస్తే వాడకట్టువాళ్లు సభ పెట్టి శాలువా కప్పారు. "ఆ పాట పాడన్నా" అన్నారు. రెండు చరణాలు చెప్పి ఆగిపోయాను. మరిచిపోయాననుకుని పాపం చప్పట్లు కొట్టారు.

ముందు వరుసలోంచి బాపు లేచాడు.

"ఏ దిక్కు బిడ్డా?"

"ఎడమ దిక్కు, బాపూ."

ఆయన చేతికర్ర వదిలేశాడు. మెల్లగా వంగి, నాకు ఎడమవైపున సిమెంటు నేల మీద అరచెయ్యి ఆనించాడు. చప్పట్లు ఆగిపోయాయి. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.