కాటయ్య నాలిక

మా ఆయన పేరు కాటయ్య. మొగుడి పేరు పలకకూడదనేది మా అత్త. ఇప్పుడామె లేదులే, పలుకుతా. ఎన్నూరు కయ్యలో, అదే సముద్రం నీళ్లు ఎక్కే ఉప్పువాగులో, వలేసి బతికిన మనిషి. ఆడ చేపలు తగ్గిపోయినాక, ఆరేళ్ల కింద ఈ సముద్రపు పరిశోధన కేంద్రంలో కూలికి చేరినాడు. కేంద్రమంటే అద్దాల మేడ అనుకునేరు. రేకుల కొట్టం కింద వరసగా సిమెంటు తొట్లు, సముద్రం నుంచి నీళ్లు తోడే పంపు, వాటిని వడగట్టే ఇసక తొట్టి, రేయింబగళ్లు బుడబుడమనే గాలి గొట్టాలు. అంతే. ఆ తొట్లల్లో పండుగప్ప చేప గుడ్లు పొదిగిస్తారు. పుట్టిన పిల్ల వెంట్రుక ముక్కంత ఉంటుంది. దాని మేత కంటికే కనపడని పురుగులు, వాటిని మళ్లీ వేరే పచ్చనీళ్లల్లో పెంచాల. కన్నబిడ్డలకి కూడా ఇంత సేవ చెయ్యలేదు ఈయన. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

జీతం తొట్లు కడిగేదానికే. ఇంకో పని ఎవురూ చెప్పకుండానే ఆయనదైపోయింది. పొద్దున్నే తొట్లో వేలు ముంచి, నాలిక మీద పెట్టుకొని, ఉప్పు సరిగ్గా ఉందో లేదో చెప్తాడు. ఆ తొట్లు చూసుకునే సునయన మేడమ్ ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూస్తే అదే తేలేది. ఆంధ్రా నుంచి వచ్చిన చదువుల పిల్ల, మా పెద్దదాని ఈడు. ‘కాటయ్యన్నా, మీ నాలుక ముందు ఈ మీటరెంత?’ అన్నదంట. ఆ మాట ఇంటికి మోసుకొచ్చి పదిసార్లు చెప్పినాడు నాకు.

పోయిన వానల్లో జొరమొచ్చింది ఆయనకి. నాలుగు దినాలకి తగ్గింది, మళ్లీ పనికి పోయినాడు. కొన్నాళ్లకి ఒకరోజు నేను పులుసులో ఉప్పేసేది మరిచిపోయినా. ఈయన గమ్మున తినేసి లేచినాడు. చిటికెడు తక్కువైతే కంచం నెట్టే మనిషి!

‘ఏమయ్యా, పులుసెట్టుండాది?’ అంటే ‘బాగుండాదే’ అన్నాడు.

గుచ్చి గుచ్చి అడిగితే తలొంచుకొని చెప్పినాడు. జొరం వచ్చినప్పట్నించి, ఇరవై దినాలుగా, నాలిక్కి ఏ రుచీ తెలవడం లేదంట.

‘మరి తొట్లకాడ?’

‘సరిగ్గా ఉందనే చెప్తా ఉండా అంజలై. తెలీదంటే నన్నెందుకు పెట్టుకుంటారు?’

‘అయ్యో సామీ! వానకి ఒడ్డున నీళ్లు చప్పబడవా? ఆ పసికూనలు చచ్చిపోతే?’

ఆ రాత్రి ఆయన కన్ను మూస్తే ఒట్టు. పొద్దున్నే నిజం చెప్పేస్తానన్నాడు. నేనూ బయల్దేరినా. పనిలోంచి తీసేస్తానంటే, ఆరేళ్ల చాకిరీ గుర్తు లేదా అని ఆ పిల్లని కడిగెయ్యాలని దారంతా మాటలు కూర్చుకున్నా.

మేం పోయేసరికి ఆరు కూడా కాలేదు. సునయన అప్పటికే తొట్టికాడ ఉంది. మోచేతుల దాకా తడి, చేతిలో మీటరు. మమ్మల్ని చూసి ఉలిక్కిపడింది. ఈయన ఉన్నదున్నట్టు చెప్పేసినాడు.

‘నాకు తెలుసన్నా’ అంది. ‘జ్వరం తగ్గి వచ్చిన రోజే తెలిసింది. నీళ్లు బాగా చప్పబడినా సరిగ్గా ఉందన్నారు.’

‘మరి చేపపిల్లలు?’ అన్నాడీయన.

‘బాగున్నాయి. వానలకు ముందు నింపి పెట్టిన నీళ్లు కలిపి, మీరు రాకముందే సరిచేస్తున్నాను. ఆ మర్నాటి నుంచి మీరు సరిగ్గా ఉందన్న ప్రతిసారీ సరిగ్గానే ఉంది.’

‘నాకెందుకు చెప్పలేదమ్మా?’

‘ఎలా చెప్పనన్నా? ఉప్పు సరిగ్గా ఉందని మీరు చెప్పేటప్పుడు మీ ముఖం చూస్తాను కదా.’ మీటరు తుడుచుకుంటా, ‘రుచి తిరిగొస్తుందిలే అనుకున్నాను. రాకపోయినా ఏం? పిల్లలకి ఆకలేస్తోందని ఈత చూసి చెప్పేది ఇక్కడ మీరొక్కరే’ అంది.

ఈయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆ పిల్లనే చూస్తా ఉండా. అంత దూరం షోళింగనల్లూరు నుంచి స్కూటీ మీద, వానలో, తెల్లారకముందే వస్తా ఉందంట ఇన్నాళ్లూ. కళ్లు ఉబ్బిపోయి ఉండాయి. కూర్చుకొని పోయిన మాటలన్నీ ఆడే వదిలేసినా. మీటరు ఆమె చేతిలోంచి తీసుకున్నా.

‘అంకెలు నాకొచ్చు. చూసేదెట్టో నేర్పు. రేపట్నించి ఆయనతో నేనొస్తా. నువ్వు నిద్రపో తల్లీ’ అన్నా.