నర్సమ్మాయి కోసం ప్రార్థన

మొన్న ఇక్కడ సింగపూర్‌లోని పాయా లేబర్‌లో ఒక చర్చివాళ్ళు పాత పుస్తకాలు అమ్ముతుంటే, ఒక అట్ట మీద ఎర్రటి కొండల ముందు శాలువా కప్పుకుని నిలబడ్డ అమ్మాయిని చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. ఆమెను నేను ఇరవై ఏళ్ళకు పైగా ఎరుగుదును. మా ప్రార్థనల నోటుబుక్కులోంచి ఆమెను కొట్టేసింది నేనే.

కంప్యూటర్ వాళ్ళకి వీసాలు పప్పుబెల్లాల్లా పంచుతున్న రోజుల్లో మా ఆయనా, మా ఆడపడుచు భర్తా ఒకే ఏడాది సింగపూర్ వచ్చి సెరంగూన్‌లో ఎదురెదురు ఫ్లాట్లు తీసుకున్నారు. ఆడపడుచుని వదినా అనేదాన్ని. నా వాదనలు అంత ఓపిగ్గా వినే మనిషి మళ్ళీ దొరకలేదు. ఆమెకు చర్చి అలమరలోని ఇంగ్లీషు నవలల పిచ్చి. అప్పుడు చదువుతున్నది అమెరికాలోని నవాహో తెగవాళ్ళ కథ: వాళ్ళ ఊళ్ళో ఒక నర్సు, ఆమెను చంపాలని వెంటాడే ఎవడో, ఆమెను ప్రేమించి కాపాడాలని చూసే పోలీసు, మధ్యలో బోలెడంత దేవుడు. చేపల పులుసు కాస్తూ ఆ కథంతా నాకు చెప్పేది. "వాళ్ళు ఎవర్ని కలిసినా ముందు తల్లి వంశం చెప్పుకుంటారంట అమ్మాయ్. మనకేమో పెళ్ళవగానే ఇంటిపేరే ఎగిరిపోయె." అప్పటికే ఆమె రొమ్ములో గడ్డ ఉంది. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

శనివారం సాయంత్రాలు ఆడవాళ్ళ ప్రార్థన కూడిక మా ఇంట్లో. ఎవరి కష్టం వాళ్ళు చెబితే నోటుబుక్కులో రాసే పని నాది, దస్తూరీ బాగుంటుందని. వదిన తన కోసం ఏనాడూ ఏమీ రాయించలేదు. ఒక వారం మాత్రం "ఒక నర్సమ్మాయి, ప్రాణగండంలో ఉంది" అని రాయించింది. ఏ మిషన్ ఆసుపత్రి నర్సో అనుకుని ఆరు వారాలు అందరం మోకాళ్ళ మీద పడ్డాం. ఒకావిడ శుక్రవారాలు ఉపవాసం కూడా ఉంది. చివరికి వదిన కూతురే, మాట చివర 'లా' తగిలించే తన సింగపూర్ ఇంగ్లీషులో గుట్టు విప్పింది: "అత్తా, దట్ నర్స్ నాట్ రియల్ లా. అమ్మ స్టోరీబుక్‌లో ఉంది."

నేను ఊరుకుంటానా? అందరి ముందూ కడిగేశాను. "కాగితం మనిషికి ప్రార్థనలేంటి వదినా? పాపం ఆవిడ చేత ఉపవాసాలు కూడా చేయించావు."

వదిన నవ్వింది. "ఆపదలో ఉంది కదా అని చెప్పానమ్మాయ్. పోన్లే, కొట్టెయ్."

అడ్డంగా గీత గీశాను. అంతటితో ఆగకుండా, ఆమె ఇంకా చివరి అధ్యాయం చదవకముందే పుస్తకాన్ని పట్టుకెళ్ళి చర్చి అలమరలో పెట్టేసి వచ్చాను.

వదిన డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చాలా ఆలస్యమైంది. ఆసుపత్రి మంచం మీద తనే చెప్పింది. "నా పేరు చెప్పి అడగడానికి నోరు రాలేదమ్మాయ్. ఆ పిల్ల గండం గట్టెక్కిందని చదివాక నేనూ డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నా. ఈలోగా నువ్వు పుస్తకం పట్టుకుపోయావు." నిష్ఠూరంగా కూడా అనలేదు.

పరుగున వెళ్ళి వెతికితే అలమరలో పుస్తకం లేదు. మర్నాడు వదిన అడిగింది, "ఏమైంది ఆ పిల్ల?"

"బతికింది వదినా."

ఆమె నా మొహంలోకి చూసింది. "నువ్వు వాదన లేకుండా ఒక్క ముక్కలో చెప్పావంటే అబద్ధమేలే."

ఆ డిసెంబరు వానల్లో వెళ్ళిపోయింది.

మొన్న ఆ పుస్తకం కొని, ఇంటికొచ్చే ట్రైన్‌లో నిలబడే చివరి అధ్యాయం చదివాను. నర్సమ్మాయి బతికింది. పోలీసుని పెళ్ళి కూడా చేసుకుంది. నేను చెప్పిన అబద్ధం నిజమేనని తేలడానికి ఇన్నేళ్ళు పట్టింది. వదినకు అంత వ్యవధి లేకపోయింది.