మత్తు డాక్టరమ్మ కోపం

మా మత్తు డాక్టరమ్మ పోయిన వారం సోంపేటలో గుండెపోటుతో పోయారు. "ఎంత నెమ్మదైన మనిషో" అని అందరూ అంటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఆవిడ నెమ్మది మనిషి కాదు. ఆవిడ కోపం వల్ల బతికిన వాళ్ళు ఈ ఉద్దానంలో ఉన్నారు.

పలాసలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో నేను ఆవిడ పక్కన నర్సుగా పనిచేశాను. మత్తు ఇచ్చేటప్పుడు రోగి గుండెల మీద అరచెయ్యి వేసి కబుర్లు చెప్పేవారు. ఊపిరి చేతికి తెలియాలనేవారు. "నొప్పిమందూ నిద్రమందూ దేనికది మంచిదే. కలిశాయంటే ఒకదాని బలం ఇంకోటి పెంచుతుంది. తగ్గించి ఇయ్యి, మెల్లగా ఇయ్యి, ఆగి సూడు. కిడ్నీలు పాడైన మన ఉద్దానం మనిషికైతే ఇంకా ఆగు" అని నాకు ఎన్నోసార్లు చెప్పారు.

తొంభైల చివర్లో, గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్న ఒక మత్స్యకారుడు ఆపరేషన్‌కు వచ్చాడు. కిడ్నీలు అప్పటికే బలహీనం. ఆవిడ నొప్పిమందు ఇచ్చి, "నిన్న వల్లో ఏటి పడింది బావూ?" అని అడిగారు. "కవళ్ళమ్మా" అన్నాడు, కళ్ళు వాలిపోతుండగా. నిద్రమందు కొద్దికొద్దిగా ఎక్కిస్తున్నారు. ఆస్పత్రి యజమాని అయిన సర్జన్‌కు బయట ఇంకో కేసు ఉంది. "ఇంకా ఎంతసేపండీ" అంటూ, ఆవిడ ట్యూబు అందుకోవడానికి తిరగగానే సిరంజిలో ఉన్నదంతా తోసేశాడు.

ఊపిరి ఆగిపోయింది. బీపీ పడిపోయింది. ఆవిడ మాస్కు పెట్టి బ్యాగు నొక్కుతూ, ఏ మందు ఇవ్వాలో నాకు చెబుతూ నిలబడ్డారు. అతని పెదవుల నీలం పోయేదాకా బ్యాగు వదల్లేదు. ఆ రోజుకు ఆపరేషన్ ఆపేశారు.

బయటికి వెళ్ళి ఆ సర్జన్ ఏమన్నాడో తెలుసా? "మత్తులో చిన్న తేడా వచ్చింది" అన్నాడు! రోగి భార్య ఏడుస్తూ ఆవిడ మీదికొచ్చింది.

"నా పెనిమిటిని ఏటి సేసినావమ్మా?"

ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని అందరూ వినేలా చెప్పారు. "నీ పెనిమిటి బతికినాడు. ఈ డాక్టరు బాబు తొందరపడి నా మందు మొత్తం తోసేసినాడు. ఇంకోపాలి నా రోగి జోలికొత్తే సెయ్యి ఇరిసేత్తాను."

ఆ మత్స్యకారుడు తర్వాత వేరేచోట ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ వేటకు వెళ్ళాడు. ఆవిడను మాత్రం పలాసలో పిలవడం మానేశారు. టెక్కలికీ సోంపేటకూ బస్సుల్లో తిరిగి పనిచేశారు. నేనూ ఆ ఉద్యోగం వదిలేసి ఆవిడతోనే వెళ్ళాను. కోపం తగ్గించుకోమంటే, "తగ్గించాల్సింది డోసు, కోపం కాదు" అనేవారు.

మొన్న సంతాపసభలో అదే సర్జన్ ఆవిడను సహనమూర్తి అన్నాడు. నా వంతు రాగానే జరిగింది జరిగినట్టు చెప్పాను. మధ్యలో ఎవరో మైకు కట్టేశారు. నేను గొంతు పెంచాను. వెనక వరసల్లోంచి తీరం ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు లేచారు.

"ఇనబడ్నేదు, సెప్పమ్మా!"

ప్లాస్టిక్ కుర్చీలు చేతుల్తో ఎత్తుకుని, పెద్దమనుషుల ముందు వరసను దాటి వచ్చి, నా ఎదుట వేసుకుని కూర్చున్నారు.