షిఫ్టు వేళకు బడికి వచ్చిన తండ్రులు

మా లెక్కల టీచర్ గత ఆదివారం బీరంగూడలో, కూతురి ఇంట్లో కన్నుమూశారు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఎంతోమందికి ఆమె పాఠం చెప్పారు. నాకు అంతకన్నా పెద్ద పని చేశారు.

మాంద్యం అన్న మాట అప్పటికి మాకు తెలియదు. ఆర్డర్లు లేవని నాన్న పనిచేసే కంపెనీ మూసేశారు, అంతే. నాన్న ఆ సంగతి వాడలో చెప్పలేదు. రోజూ షిఫ్టు వేళకు యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, హైవే పక్క బస్టాపులో సాయంత్రం దాకా కూర్చునేవాడు. అలా కూర్చునేది ఆయన ఒక్కడే కాదు. టీచర్ బస్సు దిగేది అక్కడే.

నేను అప్పుడు పదో తరగతి. అమ్మ నన్ను బడి మాన్పించి ప్యాకింగ్ పనికి పంపుతానని ఒక కాంట్రాక్టరుకు మాటిచ్చింది. నేను కనిపించకపోయేసరికి టీచర్ ఇంటికే వచ్చారు.

"ఒక్క ఏడాదే టీచర్. కంపెనీ తెరవంగనే మళ్ల పంపుతం," అంది అమ్మ.

"కంపెనీ తెరుస్తరక్కా. పిల్లనే మళ్ల రాదు. పోయినసారి కంపెనీ మూసినప్పుడు గిట్లనే పోయినోళ్లల్ల ఒక్కరు గూడ రాలే."

తర్వాత నాన్న వైపు తిరిగారు. "అన్నా, బస్టాపుల ఎందుకు కూసుంటవ్? మా బడి వరండాల కూసో. పొద్దుగాల పిల్లలు సదువుకునేటప్పుడు జెర సూడు."

నాన్న డ్యూటీ బడికి మారింది. నెమ్మదిగా మరికొందరు తండ్రులు చేరారు.

"ఏందన్నా, ఈడ జీతమెంత?" అని అడిగాడు ఒకాయన.

"జీతం గిట్ల ఏం లేదు. లేటొస్తే మాత్రం టీచర్ బయట నిలబెడ్తది," అన్నాడు నాన్న.

తండ్రి వరండాలో కూర్చున్న పిల్లలెవరూ ఆ ఏడాది బడి మానలేదు. ప్యాకింగ్ పనికి అమ్మే వెళ్లింది. నా పక్కన కూర్చునే స్నేహితురాలి తండ్రి మాత్రం మొహమాటపడి రాలేదు. ఆమె బడి మానేసింది, కంపెనీ మళ్లీ తెరిచాక కూడా తిరిగి రాలేదు.

నేను విలేకరినయ్యాను. కంపెనీ మూతపడితే ఎంతమందికి పని పోయిందో ఎవరో ఒకరు చెబుతారు. పిల్లల చదువు ఎక్కడ ఆగిందో చెప్పేవాళ్లు ఉండరు. అందుకే పని పోయిన ప్రతివాళ్లనూ ముందు ఒకటే అడుగుతాను: పిల్లలు ఏ తరగతి? ఆ ప్రశ్న టీచర్ నేర్పిందే.

ఆ ఏడాది పదో తరగతి మొదటి పరీక్ష రోజు కేంద్రం గేటు మూస్తుండగా వెనక్కి చూశాను. నాన్న ఎండలో నిలబడి ఉన్నాడు. టీచర్ తన గొడుగు సగం ఆయన మీదికి వంచారు. ఇద్దరూ నావైపే చూస్తున్నారు.