పొడి లేని కూర

ఎక్కడైనా వేరుశెనగలు వేయించే వాసన వస్తే ఇప్పటికీ నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. తినను. తిని ముప్పై ఏళ్ళు దాటింది. వాసన ఉన్నంత దూరం మాత్రం మెల్లగా నడుస్తాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేనొక చిన్న అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాణ్ణి. సర్కారు ఆఫీసులు సగం గుడారాల్లో నడిచేవి. వాటికి కావలసిన ఫారాలూ నోటీసులూ మా దగ్గరికి వచ్చేవి, పని తెమిలేది కాదు. తెలుగు పేర్చాలంటే అక్షరంతో పోదు. ఒత్తులుంటాయి, కొమ్ములుంటాయి, గుడులుంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో అరలోంచి రెండు వేళ్ళతో ఏరాలి. నాకు ఆ వేళ్ళే చెడ్డాయి. పొద్దున లేచేసరికి కణుపులు వాచి పిడికిలి మూసుకునేది కాదు. మోచేతుల మీద ఎర్రగా దద్దు లేచి పొట్టు రాలేది. ఆస్పత్రి మాత్రలు మింగినన్నాళ్ళు తగ్గేది, ఆపితే తిరగబెట్టేది.

యజమాని చెడ్డవాడేం కాదు, కానీ ఒకరోజు నా పక్కన నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, ఒత్తులు ఏరతాండావా, పల్లేరుకాయలు ఏరతాండావా? వానలు పడే లోపల బాగు చేసుకో. లేకుంటే కాగితాలు మడిచే పనికి పోదువు."

కాగితాలు మడవడం తప్పు పని కాదు. కానీ నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాతి చదువంతా అక్షరాలు పేరుస్తూ నేర్చుకున్నది, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నది. వేళ్ళకూ అక్షరాలకూ సంబంధం తెగిపోతుందంటే నా బడి మూసేస్తామన్నట్టు అనిపించింది.

అందుకని గ్రంథాలయంలోనే వెతికాను. వైద్యం అలమరలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. పక్కన నిఘంటువు పెట్టుకుని పదిహేను రోజుల్లో ఒక్క అధ్యాయం చదివాను. కొన్ని ఒళ్ళు కొన్ని తిళ్ళను ఒప్పుకోవని అందులో ఉంది. ఏది ఒప్పుకోదో కనుక్కోవాలంటే ముందు అన్నీ మానేసి, ఎవరికైనా పడే ఒకటి రెండు పదార్థాలతో బతకాలి. బాధ తగ్గాక ఒక్కొక్కటీ కలుపుకుంటూ, ఒక్కోదానికి మూడేసి రోజులు ఆగి చూడాలి. ఇది మన పథ్యం లాంటిది కాదని నాకు వెంటనే అర్థమైంది. పథ్యంలో వంకాయ, గోంగూర అందరికీ కూడదు. ఇందులో ఎవరికి కూడనిది వాళ్ళే పట్టుకోవాలి. ఆ తేడా నాకు తెలిసినందుకు ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

పుస్తకాలిచ్చే ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఏమప్పా, డాక్టరయిపోతాండావా? ముందు ఆ పుస్తకానికి అట్ట ఎయ్యి."

ఇంట్లో అమ్మా నేనే. నాన్న ఎప్పుడో పోయాడు. అమ్మది కడప పక్క పల్లె. వేయించిన వేరుశెనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు కలిపి రోట్లో కచ్చాపచ్చాగా దంచి ఊరిబిండి చేసేది. వేడి సంగటి ముద్దలో గుంట చేసి, ఆ గుంటలో ఊరిబిండి పెట్టి నా ముందుకు జరిపేది. రోటి దగ్గర నిలబడి నేనడిగే మొదటి ముద్ద, "చెయ్యి కడుక్కొని రారా" అనే ఆమె కసురు, ఇవి లేకుండా మా ఇంట్లో చీకటి పడేది కాదు.

"వరి అన్నం, మజ్జిగ. అంతే" అన్నాను.

"మజ్జిగ బువ్వ తిని మొగోడు బతుకుతాడా? అది బాలింత తిండి కదరా."

"శెనక్కాయలు వద్దు. వాటి నూనె గూడా వద్దు, కుసుమ నూనె తెస్తా."

నూనె దాకా ఆలోచించినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. ఆ రోజుల్లో అమ్మ తన ముద్ద గోడవైపు తిరిగి కూర్చుని తినేది, నేను చూడకుండా. చూడకపోతే ఏం, వాసన వచ్చేది. నేను మజ్జిగన్నం కలుపుకుంటూ ఆమె వీపు వైపు చూసేవాణ్ణి. పదకొండో రోజు పిడికిలి మూసుకుంది. అమ్మకు చూపిస్తే నా పిడికిలి తన రెండు చేతుల్లో పట్టుకుని, కణుపులు ఒక్కొక్కటీ తడిమి చూసింది.

ఇక ఒక్కొక్కటీ కలపడం మొదలుపెట్టాను. మొదట బీరకాయ. రెండో రోజుకు కణుపులు వాచాయి. నోటుబుక్కులో బీరకాయ కొట్టేశాను. మళ్ళీ తగ్గేదాకా ఆగి వంకాయ. వాచాయి. కొట్టేశాను. గోరుచిక్కుడు, సొరకాయ, చివరికి అమ్మ ఎంతో ఆశగా వండిన కాకరకాయ, అన్నీ అంతే. నోటుబుక్కు నిండా అడ్డగీతలు. పంచె నడుము మీద నిలవడం లేదు.

"నాకు కూరగాయలే పడవు" అని పుస్తకాలాయనతో చెప్పాను.

"యాడన్నా రాసి ఉండాదా అట్ల?"

"లేదు. నేనే కనుక్కున్నా."

"అయితే ఆ రోగానికి నీ పేరే పెట్టు. శానా పేరొస్తాది."

మామిడికాయల కాలంలో పిన్నమ్మ కూతురి కానుపుకు అమ్మ బనగానపల్లె పోయింది. మూడు వారాలు రాదు. ఒక సాయంత్రం సందులో గంపలో వంకాయలు వచ్చాయి, చిన్నవి, నల్లగా నిగనిగలాడేవి. ఎన్ని నెలలైందో భయం లేకుండా కూర తిని. వాస్తే వాచనీ అనుకుని కొన్నాను. ఉప్పు, కారం వేసి కుసుమ నూనెలో మగ్గించి కళ్ళు మూసుకుని తిన్నాను. అమ్మ వంకాయలా లేదు, ఏదో లోటు. రెండు రోజులు వేళ్ళు చూసుకుంటూ గడిపాను. ఏమీ కాలేదు. మళ్ళీ తిన్నాను, కాలేదు. బీరకాయ తిన్నాను. అచ్చాఫీసులో ఒత్తులు చకచకా వచ్చి పడ్డాయి.

అమ్మ మామిడిపండ్ల బుట్టతో దిగింది. వచ్చీ రాగానే పొయ్యి మీది చట్టి మూత తీసి చూసింది.

"వంకాయ తింటాండావా!"

"తింటాండా. ఏం కాలే."

"ఎట్ల చేసుకుంటివి?"

"నూనె, ఉప్పు, కారం."

"అంతేనా? పొడి ఎయ్యలేదా?"

"ఏం పొడి?"

"శెనక్కాయల పొడి రా. అది లేకుంటే కూర కూరెట్లయితాది?"

నేను అడ్డగీతల నోటుబుక్కు వైపు చూశాను.

"శెనక్కాయలు వద్దంటి గదమ్మా."

"వద్దంటివి. పెడితినా? నూనె గూడా మారిస్తి. ఒక్క గింజ నీ తట్టలో ఏసింటే చెప్పు!"

"పొడి గింజలదే గదా."

"పొడి పొడే. ఉప్పు తిన్యాను అని ఎవురన్నా చెప్పుకుంటారా?" అంటూనే ఆమె ఆగిపోయింది. చట్టి మూత ఇంకా చేతిలోనే ఉంది. "అయితే నా కొడుక్కు నేనే మందు పెడితినా?"

మా వైపు మందు పెట్టడమంటే పగవాళ్ళు చేసే పని. ఆ మాట ఆమె నోట వినలేకపోయాను. తప్పు నాదేనని చెప్పాను. పదిహేను రోజులు నిఘంటువు తిరగేసినవాణ్ణి, ఒక్క పూట పొయ్యి దగ్గర నిలబడి ఆమె చెయ్యి ఏం చేస్తున్నదో చూడలేదు. ఆమె వినిపించుకోలేదు. పొడి డబ్బా తీసుకుని పక్కింటికి పోయి ఇచ్చి వచ్చింది.

అయినా పుస్తకం ప్రకారం ఒక్కసారి శెనక్కాయలే తిని చూడాలి. అమ్మ ససేమిరా అంది. నాలుగు రోజులు బతిమాలాను. చివరికి రోలు కడిగింది. దంచుతున్నంతసేపూ నేను పక్కనే ఉన్నాను. మొదటి ముద్ద అడిగాను. ఈసారి చెయ్యి కడుక్కోమనలేదు. పరీక్షకు ఒక్క చెంచాడు చాలు, నేను గుంట నిండా రెండుసార్లు పెట్టించుకున్నాను. అదే ఆఖరని ఇద్దరికీ తెలుసు. ఆమె ఈసారి గోడవైపు తిరగలేదు, నా ఎదురుగా కూర్చుని నేను తినడం చూసింది.

మర్నాటికి పిడికిలి మూసుకోలేదు. నోటుబుక్కులో అన్ని కూరగాయలూ తిరిగి రాసి, శెనక్కాయలు ఒక్కటే కొట్టేశాను.

వానలు పడ్డాయి. నేను కాగితాలు మడిచే పనికి పోలేదు. ఆ తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది, గుడారాలు లేచిపోయాయి, నేను అరల ముందే ఉన్నాను. మా ఇంట్లోకి మళ్ళీ ఒక్క శెనక్కాయ గింజ రాలేదు. నువ్వు తినమ్మా అంటే, "నాకూ ఇష్టం పోయిందిలేరా" అనేది.

ఒకరోజు పని తక్కువై పొద్దుండగానే ఇంటికి వస్తున్నాను. సందు మొదట్లోనే వాసన తగిలింది. పక్కింటి తలుపు తీసి ఉంది. ఆ ఇంటి ముసల్మాను పెద్దమ్మ రోటి దగ్గర కూర్చుని దంచుతోంది. గడప లోపల మా అమ్మ, ఒళ్ళో కంచం, కంచంలో జొన్నరొట్టె.

"ఇంగొంచెం ఎయ్యి అక్కా."

"మీ కొడుకు చూస్తే నన్ను కొడతాడమ్మా."

"వాడు గ్రంథాలయం మూసేదాకా రాడులే" అని అమ్మ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

గోడ పక్కన నిలబడ్డాను. ఇంకో నాలుగడుగులు వేస్తే ఆమెకు కనిపిస్తాను, కనిపిస్తే ఆ కంచం కింద పెట్టేస్తుంది. ఆ వాసనలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత వెనక్కి తిరిగి గ్రంథాలయానికి పోయి, దీపాలు ఆర్పేదాకా కూర్చున్నాను. ఏ పుస్తకం తెరిచానో గుర్తు లేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ నా కోసం వంకాయ వండి పెట్టింది, పొడి లేకుండా. వడ్డిస్తుంటే ఆమె చెయ్యి గుప్పున సబ్బు వాసన వేసింది. మోచేతిదాకా రుద్ది కడుక్కున్నట్టుంది. దాని అడుగున ఎక్కడో కొంచెం వేయించిన వేరుశెనగల వాసన మిగిలి ఉంది.

"కొంచెం మెల్లగా వడ్డించమ్మా" అన్నాను.